ఏడు వీపుల చార్టు

నేను ఒక చార్టును. ఇంగ్లీషు సర్వనామాలను బడిపిల్లలకు చూపించే చార్టును. పైన ఎర్రటి పెద్ద అక్షరాల్లో 'ప్రోనౌన్స్' అని ఉంటుంది. దాని కింద ఎనిమిది గళ్ళు, గడికో రంగు. నా ముఖం చూసి మెచ్చుకోనివాళ్ళు లేరు. ముఖంతో నాకెప్పుడూ చిక్కు రాలేదు, వచ్చిందంతా వీపుతోనే. లోకంలో అన్ని చార్టులకూ ఒక్కటే వీపు ఉంటుంది. నాకు ఏడుండేవి. అవి ఎలా వచ్చాయో చెప్పకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

నన్ను తయారు చేసినవాడు షబ్బీర్. కోరుట్లలో ఒక బీఎడ్ కాలేజీకి ఎదురుగా అతనికి జిరాక్సు దుకాణం ఉంది. తీరిక దొరికితే బోర్డులు కూడా రాస్తాడు. అతనికి ఇంగ్లీషు రాదు. ఒక గైడు ముందు పెట్టుకుని ఒక్కో అక్షరాన్నీ బొమ్మ గీసినట్టు గీశాడు. అందుకే నా అక్షరాలు అంత అందంగా ఉంటాయి. అర్థం తెలిసినవాడైతే అంత శ్రద్ధ పెట్టేవాడు కాదు. మందపాటి కాగితం వెనక గుడ్డ అతికించి, పైనా కిందా చెక్క పట్టీలు కొట్టి, దారం కట్టి మేకుకు తగిలించి చూసుకుని ఒక బీడీ ముట్టించాడు.

నా గళ్ళ సంగతి కూడా వినండి. మొదటి దాంట్లో పర్సనల్ ప్రోనౌన్లు: ఐ, వీ, యూ, హీ, షీ, ఇట్, దే. పక్కనే వాటి రెండో రూపాలు మీ, అస్, హిమ్, హర్, దెమ్. పని చేసేవాడికి మొదటి రూపం, ఆ పని ఎవరి మీద పడుతుందో వాడికి రెండోది. ఇక్కడ తెలుగువాళ్ళకు ఒక ఇబ్బంది ఉంది. నువ్వు అన్నా మీరు అన్నా యూ ఒక్కటే. వాడు, అతను, ఆయన ముగ్గురికీ హీ ఒక్కటే. హెడ్మాస్టరునూ వెనక బెంచీ పిల్లవాణ్ణీ ఒకే మాటతో అనవచ్చని తెలిసినప్పుడు పిల్లల ముఖాలు చూడాలి! రెండో గడి పొసెసివ్: మైన్, అవర్స్, యువర్స్, హిజ్, హర్స్, దెయిర్స్. మై అంటే దాని వెనక వస్తువు పేరు చెప్పాలి, మైన్ అంటే చెప్పనక్కర్లేదు. మనుషులు అన్నిటికన్నా త్వరగా నేర్చుకునేది ఈ గడినే. మూడోది రిఫ్లెక్సివ్. మైసెల్ఫ్, హిమ్‌సెల్ఫ్ లాంటివి, ఎవరి పని వాళ్ళు చేసుకుంటే వాడేవి. నాలుగోది దగ్గరివీ దూరానివీ వేలుపెట్టి చూపడానికి: దిస్, దట్, దీజ్, దోజ్. ఐదోది ప్రశ్నలు వేసేది: హూ, హూజ్, విచ్, వాట్. ఆరోది రెండు వాక్యాలకు ముడి వేసే రిలేటివ్. ఏడోది సంబడీ, నోబడీ, ఎవ్రీబడీ. ఎవ్రీబడీ అంటే ఊరంతా అయినా సరే, ఇంగ్లీషువాళ్ళు దాన్ని ఒక్కరి కిందే జమకట్టి ఈజ్ అంటారు. ఎనిమిదోది ఈచ్, ఐదర్, నైదర్. ఈచ్ అదర్ అన్నదానికి చోటు చాలక షబ్బీర్ దాన్ని అంచున ఇరికించాడు.

ఇంత చదువు మోసిన నన్ను పిల్లలు తీరిగ్గా చదివింది ఎన్నడూ లేదు. ఎందుకంటే నన్ను చేసింది పిల్లల కోసం కాదు.

బీఎడ్ చదివేవాళ్ళకు చివర్లో ఒక పరీక్ష ఉంటుంది. ఏదో ఒక బడికి వెళ్ళి, బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ ముందు నలభై నిమిషాలు పాఠం చెప్పాలి. దాన్ని ఫైనల్ లెసన్ అంటారు. పాఠానికి కావలసిన చార్టును ఎవరికి వారే సొంతంగా తయారు చేసుకోవాలని రూలు. పాఠం అయ్యాక ఎగ్జామినర్ చార్టు వెనక సంతకం చేసి తేదీ వేస్తాడు, దాన్ని మళ్ళీ ఎవరూ వాడకుండా. రూలు పెట్టినవాడు తెలివైనవాడే. కానీ షబ్బీర్ దగ్గర బ్రౌన్ పేపరుంది, మైదా పిండీ ఉంది. సంతకం పడిన వీపు మీద కొత్త కాగితం అతికిస్తే నేను మళ్ళీ కొత్తదాన్నే. దీనికి కాలేజీలో 'వీపు కట్టడం' అని పేరు. లెక్చరర్లకు తెలుసు. చూసీ చూడనట్టు ఊరుకుంటారు. వాళ్ళూ ఒకప్పుడు కట్టించినవాళ్ళే.

అలా ఏటా ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి వెళ్ళాను. ఏడాదికి నలభై నిమిషాలు వెలుగు చూడటం, మిగతా రోజులు షబ్బీర్ దుకాణం అటక మీద చుట్టచుట్టుకుని పడి ఉండటం. నౌను బదులు నిలబడేదాన్ని ప్రోనౌను అంటారని నా నెత్తినే రాసి ఉంది. నేనూ ఆరుగురి కష్టం బదులు ఆరుసార్లు నిలబడ్డాను. ఆరు సంతకాలు నా పొరల మధ్య పడుకున్నాయి. వాటిలో ఐదోది పరాంకుశం సారుది. అప్పటికి ఆయన కొత్త ఎగ్జామినర్. నన్ను దూరం నుంచి చూసి మురిసిపోయి, వెనక పచ్చ ఇంకుతో 'ఓన్ ఎఫర్ట్. ఎక్సలెంట్' అని రాసి, కింద గీత గీసి మరీ సంతకం పెట్టాడు. సొంత కష్టమట! నాకు నవ్వాగలేదు. ఆ తర్వాత ఆయనకు ఈ వీపుల సంగతి ఎవరో చెప్పారు. ఇక అప్పటినుంచి ఆ చుట్టుపక్కల కాలేజీలన్నీ ఆయన పేరు చెబితే వణకడం మొదలుపెట్టాయి. చార్టు తిప్పి, అంచు గోటితో గీకి, దొంగ చార్టయితే పాఠం మధ్యలోనే ఆపించి ఫెయిల్ చేస్తాడని చెప్పుకునేవాళ్ళు.

ఏడో ఏడు వానాకాలంలో వనజ వచ్చింది.

ఎలగందుల వనజకు ఇరవై ఎనిమిదేళ్ళు. ఇంకా ఏడాది నిండని పాప. భర్త భివండిలో మగ్గాల మీద పనిచేస్తాడు. అత్త రాజవ్వ బీడీలు చుడుతుంది. కిందటేడు ఫైనల్ లెసన్ నాడే వనజకు నొప్పులు వచ్చాయి. పరీక్ష పోయింది. ఈ ఏడు కూడా పోతే రెండేళ్ళ చదువూ కొట్టుకుపోతుంది, మళ్ళీ మొదటినుంచి చేరాలి. మళ్ళీ చేరనిచ్చేవాళ్ళు ఇంట్లో లేరు. రాజవ్వ ముందే చెప్పేసింది: "గీ ఒక్కపారి పో. గిప్పుడు గాకుంటె మల్ల బడి ముచ్చట ఎత్తద్దు." ఈ సంగతులన్నీ ఆ మధ్యాహ్నం దుకాణంలో నిలబడి వనజ తనే చెప్పింది. అడక్కుండానే చెప్పిందంటే గుండెలో ఎంత దడ ఉందో చూసుకోండి.

"నా చార్టు నేనే గీసిన అన్నా. ఎనిమిది దినాలు పట్టింది. నిన్న కాలేజికి పోయచ్చేసరికి అత్తమ్మ దాని మీద బీడీల తడి తునికాకు పరిచింది. గోనెలన్నీ వానకు తడిసినయట. బోర్ల ఏసున్నది గద, ఖాళీ కాయితం అనుకున్నదట."

షబ్బీర్ నాలుక చప్పరించాడు. "ఏమన్నవ్ మరి?"

"ఏమంట? ఆమెకు చదువు రాదాయె. పాపను ఎత్తుకుంటా గా ఆకులన్నీ మల్ల ఏరిన." వనజ కొంగుతో ముఖం తుడుచుకుంది. "రేపు పదిగంటలకు లెసన్. చార్టు లేకుంటె మొదలే వెట్టనియ్యరు. నీ దగ్గర ఏదన్న ఉంటె ఇయ్యి."

"ఎగ్జామినర్ ఎవరు?"

"పరాంకుశం సారట."

అటక మీదికి చేయి చాపిన షబ్బీర్ అక్కడే ఆగిపోయాడు. నా సంగతి అడగకండి. ఆయన సంతకం ఉన్న పొరకు మంటపెట్టినట్టయింది.

"ఆయన మొకం సూడడమ్మా, ఈపు సూస్తడు."

"వేరేది ఉన్నదా?"

లేదు. ప్రోనౌన్ల మీద ఉన్నది నేనొక్కదాన్నే. షబ్బీర్ నన్ను దించి దుమ్ము దులిపాడు. మైదా కలిపి ఏడో వీపు కట్టాడు. బయట ముసురు. తడి ఆరితేగా! విసనకర్రతో విసిరాడు, జిరాక్సు మిషను వేడికి పట్టాడు. చివరికి ఒక మూల ఇంకా మెత్తగా ఉండగానే చుట్టి ఇవ్వాల్సి వచ్చింది. "గోడకు ఆనిచ్చి పెట్టు, దేంతోటీ గీకనియ్యకు" అని జాగ్రత్త చెప్పాడు. ఎగ్జామినర్‌ను గీకొద్దని ఎవరు చెప్పగలరు?

మర్నాడు పది కాకముందే ప్రభుత్వ హైస్కూల్లో ఏడో తరగతి. నల్లబల్ల పక్కన మేకుకు నన్ను తగిలించింది వనజ.  బయట వరండాలో రాజవ్వ పాపను ఒళ్ళో వేసుకుని గోడకు చేరగిలబడి ఉంది. తల్లి పాలు తప్ప తాగని పిల్ల కాబట్టి వెంట తీసుకురాక తప్పలేదు. పాప ఏడిస్తే కిటికీలోంచి లోపలికి అంతా వినిపిస్తుంది.

పరాంకుశం సారు వచ్చాడు. పలచటి మనిషి, చంకలో మార్కుల కాగితాల ఫైలు. అటెండెన్సు కాగితం మీద వనజ పేరు ఎదురుగా, ఆమె చూస్తుండగానే పచ్చ ఇంకుతో సంతకం పెట్టాడు. ఆ తర్వాత తిన్నగా నా దగ్గరికి నడిచాడు. నా ముఖం వంక ఒకసారి, మళ్ళీ ఒకసారి చూశాడు.

"ఎక్కడనో చూసినట్టున్నది" అన్నాడు తనలో తాను.

 ఆయన నన్ను కొంచెం ఎత్తి వెనకకు చేయి పోనిచ్చాడు.

"ఇదేందమ్మా, తడిగున్నది?"

"వాన, సార్."

అది అబద్ధమేమీ కాదు. నిజంలో సగం, అంతే. ఆయన వేలు నా మెత్తటి మూల దగ్గర క్షణం ఆగి, వాన మాట నమ్మాడేమో, తిరిగి వెళ్ళిపోయింది. వెనక బెంచీకి వెళ్ళి కూర్చున్నాడు. బెంచీ చిన్నది, మోకాళ్ళు పైకి లేచాయి. మామూలుగా అయితే నవ్వుకునేదాన్ని, ఆవేళ నవ్వు రాలేదు.

పాఠం బాగానే మొదలైంది. వనజ గొంతు రెండు నిమిషాల్లో కుదురుకుంది. నౌను పేర్లను పిల్లలతో చెప్పించి, వాటి చోట హీ, షీ పెట్టించింది. నా మొదటి గడి మీద బెత్తం ఆడించింది. తర్వాత రెండో గడికి వచ్చి, బెంచీల మధ్య తిరుగుతూ ఒకరి పెన్ను, ఒకరి డబ్బా, ఒకరి టోపీ తీసుకుని ఎత్తి చూపింది.

"హూజ్ పెన్ ఈజ్ దిస్?"

"ఇట్ ఈజ్ హర్స్, టీచర్!" తరగతి అంతా ఒక్క గొంతుతో.

వారం రోజులుగా వాళ్ళతో ఇదే ఆట ఆడించిందని నాకు అర్థమైంది. హూజ్ అనే మాట చెవిన పడితే చాలు, జవాబు వచ్చేస్తోంది. వెనక బెంచీలో పచ్చ ఇంకు పెన్ను ఏదో రాసింది. వనజ భుజాలు తేలికపడటం చూశాను. సరిగ్గా అప్పుడు నా మెత్తటి మూల ఊడింది.

ముందు కొంచెమే. కాగితం అంచు కింది పొరను వదిలిపెట్టి ఒరిగింది. బిగబట్టుకుందామనుకున్నాను. చార్టుకు కండలెక్కడివి? ఫ్యాను గాలి దాని కిందికి దూరింది. చర్రుమని చప్పుడై ఏడో వీపు సగానికి సగం కిందికి వేలాడి, నా చెక్క పట్టీ కింద జెండాలా రెపరెపలాడింది. పిల్లల్లో ఎవరో కిసుక్కుమన్నారు. వనజ వెనక్కి తిరిగి చూసి, బెత్తం పట్టుకున్న చేతిని అలాగే ఉంచేసింది.

పరాంకుశం సారు లేచాడు. బెంచీల మధ్యనుంచి నెమ్మదిగా నడిచి వచ్చాడు. తొందరేముంది ఆయనకు? మేకునుంచి నన్ను తీసి, అందరికీ కనిపించేలా ఎత్తి పట్టుకుని, పిల్లల వైపు తిరిగాడు.

"హూజ్ చార్ట్ ఈజ్ దిస్?"

"ఇట్ ఈజ్ హర్స్, సార్!"

వాళ్ళు అలా అంటారని ఆయనకు తెలుసు. నేర్పిందే అది. ఇప్పుడు వనజ వైపు తిరిగాడు.

"నీదేనా అమ్మా?"

అవునంటే చెల్లదని ఆమెకూ తెలుసు, కాదంటే సర్వం పోతుందనీ తెలుసు. నలభై మంది పిల్లలు ఆమె నోటి వంక చూస్తున్నారు. ఇప్పటిదాకా నీది నీదే, నాది నాదే అని నేర్పిన మనిషి ఏం చెబుతుందా అని. వరండాలో పాప సన్నగా మొదలుపెట్టింది. రాజవ్వ ఏదో పాడుతూ జోకొట్టింది. నాకు ఆ క్షణంలో కలిగింది భయం కాదు, సిగ్గు. ఆరేళ్ళుగా ఎవరూ నన్ను ఈ ప్రశ్న అడగలేదు, అడిగి ఉంటే నేనేం చెప్పేదాన్ని?

"ఇట్ ఈజ్ నాట్ మైన్, సార్" అంది వనజ. తర్వాత తెలుగులో, "నేను గీసింది కరాబైంది. ఇది తెచ్చుకున్న" అంది. తునికాకు మాట చెప్పలేదు. అత్త పేరు ఎత్తలేదు.



పరాంకుశం సారు తల ఊపాడు. చార్టు కోసం ఉంచిన పది మార్కుల చోట సున్నా చుట్టాడు. అంతటితో ఊరుకుంటే ఈ కథ లేదు. పట్టుకున్న సంతోషం మనుషులను ఊరుకోనివ్వదు. "ఎన్నేండ్ల సంది నడుస్తున్నదో చూద్దాం" అంటూ నన్ను బల్ల మీద బోర్లా పరిచాడు. వేలాడుతున్న ఏడో వీపును లాగి అవతల పడేశాడు. దాని కింద ఆరో వీపు మీద ఎవరో మేడమ్ గారి గుండ్రటి సంతకం. "చూస్తివా!" అని వనజతో అని, దాని అంచు గోటితో లేపాడు. తడికి పాత మైదా కూడా మెత్తబడి ఉంది. ఒక్క లాగుతో వచ్చేసింది.

కింద పచ్చ ఇంకు. 'ఓన్ ఎఫర్ట్. ఎక్సలెంట్.' గీత గీసిన సంతకం.

ఆయన చేయి నా మీదే ఉంది. అది ఒక్కసారిగా బరువెక్కడం నాకు తెలిసింది.  వనజ పక్కనే నిలబడి ఉంది, అరగంట కిందట ఆ సంతకమే తన పేరు ఎదురుగా పడటం కళ్ళారా చూసింది. ఆమె చూపు సంతకం మీదినుంచి ఆయన ముఖం మీదికి వెళ్ళి వెంటనే నేల మీదికి దిగిపోయింది. చూడనట్టు నటించడానికి ప్రయత్నించింది పాపం, నటన రాదు ఆమెకు.

పిల్లలకు అదేమీ అర్థం కాలేదు. వాళ్ళకు బల్ల మీది కాగితం కనిపించదు.

పరాంకుశం సారు ఆ పొరను జాగ్రత్తగా, ఎక్కడా చిరక్కుండా లేపాడు. నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఫైలు తెరిచి, నిలబడే, ఒక అంకె వేశాడు.

"కూర్చో అమ్మా" అన్నాడు. గొంతు మారిపోయింది. "ఇగ చాలు. నలభై ఒకటి వేసిన. పిల్ల ఏడుస్తున్నట్టున్నది, పో."

యాభైకి నలభై ఒకటి. ఇరవై ఐదు వస్తే పాసు. నా ఆరుగురు యజమానుల్లో ఎవరికీ అన్ని రాలేదు. సున్నా పడిన పది తీసేస్తే మిగిలే నలభైలో నలభై ఒకటి ఎలా వస్తాయో ఆయనకైనా తోచలేదు, అంత కంగారులో ఉన్నాడు. పో తల్లీ, పో అన్నాను నేను లోలోపల. పాపను ఎత్తుకో, అత్తకు చెప్పు, రేపటినుంచి నిన్ను ఎవరూ ఏమీ అనరు. నాకు నీతులు లేవు, ఉంటే ఏడు వీపులు మోసేదాన్నా?

వనజ కూర్చోలేదు. గోడ గడియారం చూసింది.

"ఇంకా పన్నెండు నిమిషాలున్నయ్ సార్."

"ఏం ఫరక్ వడదు. అయిపోయింది."

"నా పాఠం కాలేదు సార్." ఆమె బెత్తం పక్కన పెట్టి చాక్‌పీసు అందుకుంది. "గా కాయితం చూసి ఇచ్చిన మార్కులు నాకెందుకు సార్? నేను ఎవలికీ చెప్ప. మీరు పోయి కూసోండ్రి. పాఠం ఇనుండ్రి. అప్పుడు ఎన్నన్న ఏయుండ్రి, ఫెయిల్ జేసినా సరే."

ఎగ్జామినర్‌ను పోయి కూర్చోమన్న ట్రైనీని నేను నా జన్మలో చూడలేదు. పరాంకుశం సారు కూడా చూసి ఉండడు. ముఖం ఎర్రబడింది. ఒక్క గీతతో ఆమె రెండేళ్ళూ తుడిచేయగలడు, తుడిచేస్తాడనే అనుకున్నాను. చాక్‌పీసు పట్టుకుని ఆమె అక్కడే నిలబడింది. చివరికి ఆయన ఫైలు చంకలో పెట్టుకుని, వెనక బెంచీకి వెళ్ళి, మోకాళ్ళు పైకి పెట్టుకుని కూర్చున్నాడు.

ఇక నేను లేను. బల్ల మీద బోర్లా పడి వింటున్నాను, అంతే. మిగిలింది రిఫ్లెక్సివ్ గడి, అది నా పొట్ట కింద నలుగుతోంది. వనజ ముందు బెంచీలోని ఒకమ్మాయిని లేపింది.

"నీ జడ ఎవరు ఏసిన్రు?"

"మా అమ్మ, టీచర్."

"నీది?" అని పక్కపిల్లను అడిగింది.

"నేనే ఏస్కున్న."

"ఐ ప్లెయిటెడ్ ఇట్ మైసెల్ఫ్. అను."

ఆ పిల్ల అంది. ఎవరు చేసిన పని తిరిగి వారి మీదికే వస్తుందో, ఎవరు ఇంకొకరి సాయం లేకుండా చేస్తారో, వాళ్ళకు ఈ మాట అని వనజ చెప్పింది. నేను కడుక్కున్న, నేనే రాస్కున్న, నేనే ఉతుక్కున్న అని పిల్లలు ఒకరి మీద ఒకరు పడి చెప్పసాగారు. హర్‌సెల్ఫ్ వచ్చింది, అవర్‌సెల్వ్స్ వచ్చింది. ఇది వారం రోజులు చదివించిన ఆట కాదు, అందుకని తప్పులూ బోలెడు దొర్లాయి. ఆ హడావిడిలో వనజ నల్లబల్ల మీద హిజ్‌సెల్ఫ్ అని రాసేసింది. వెనక పెన్ను కదిలింది. ఆమె తిరిగి చూసుకుని, అరచేత్తో చెరిపి, హిమ్‌సెల్ఫ్ అని రాసి, "నాదే తప్పు" అని పిల్లలతో చెప్పింది. బయట పాప గుక్కపట్టింది. వనజ రవిక మీద తడి మరక కనిపించింది, కొంగు లాక్కుని కప్పుకుంది, పాఠం మాత్రం ఆపలేదు. ఆ పన్నెండు నిమిషాలూ నేను ఎంత ఉగ్గబట్టుకున్నానో చెప్పలేను. గంట కొట్టేసరికి నాకే ప్రాణం లేచి వచ్చినట్టయింది.

పిల్లలు వెళ్ళిపోయారు. పరాంకుశం సారు బల్ల దగ్గరికి వచ్చి నా వీపు మీదే ఫైలు పెట్టి తెరిచాడు. నలభై ఒకటి మీద అడ్డంగా గీత కొట్టాడు. పక్కన ఇరవై తొమ్మిది వేశాడు. మార్కు దిద్దితే పక్కన సంతకం పెట్టాలని రూలు, పెట్టాడు. కాగితాన్ని ఆమె వైపు తిప్పి చూపించాడు. అలా చూపకూడదు, అది కూడా రూలే. ఆమె చూసి తల ఊపింది.  జేబులోని మడతను ఒకసారి తడుముకుని ఆయన వెళ్ళిపోయాడు.

నన్ను ఎవరూ వెంట తీసుకుపోలేదు. స్వీపరు వచ్చి చుట్టచుట్టి సామాన్ల గదిలో, విరిగిన బెంచీల పక్కన నిలబెట్టింది. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. షబ్బీర్ ఒకసారి అడిగించాడట, ఇవ్వలేదట. ఇవ్వకపోవడమే మంచిదైంది. కానీ ఆ గదిలోకి వెళ్ళేముందు, బల్ల మీద పడి ఉండగా, కిటికీలోంచి ఒక మాట విన్నాను. అది చెప్పి ముగిస్తాను.

రాజవ్వ పాపను తల్లి చేతికిస్తూ అడిగింది. ఆమె గొంతులో గద్దింపు లేదు. తునికాకు పరిచినప్పటినుంచీ ఆమె లోపల ఏదో నలుగుతూ ఉండాలి.

"ఎన్నొచ్చినయ్ వనజా?"

"ఇరవై తొమ్మిది."

"యాభైకా? గంతేనా?"

"పాసైన అత్తమ్మా."

"పాసైతివి గని, ఇంకిన్నెక్కువ ఏస్తె ఆయన సొమ్మేం వోయేది?"

వనజ నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది కూడా, కిటికీలోంచి నాకు స్పష్టంగా వినిపించింది.

"ఏసిండు అత్తమ్మా. నేనే వద్దన్న. గీ ఇరవై తొమ్మిదీ నావి."